అరుగు కింద మట్టి

ఆగస్టు 19

పొద్దున్నే పాడేరు పైన ఓ కొండ ఊరికి మేకలకు నట్టల మందు తాగించడానికి వెళ్ళాను. ముసురు. అరవై మేకలు అయ్యేసరికి పది దాటింది.

బ్యాగు సర్దుకుంటుంటే ఓ ఇంటి అరుగు కింద నుంచి నెల నిండీ నిండని కుక్కపిల్ల తూలుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర కక్కింది. విరిగిన పాలలో రెండు తెల్లటి పురుగులు, వేలెడంత పొడవు, స్ప్రింగుల్లా చుట్టుకుని ఇంకా కదులుతున్నాయి. పిల్ల డొక్కలు ఎండిపోయాయి, పొట్ట మాత్రం కుండలా ఉంది. ఇంతలో మూడేళ్ళ గుంట ఒకర్తి పరిగెత్తుకొచ్చి దాన్ని ఎత్తుకుంది. గోళ్ళ నిండా ఎర్రమట్టి. నేను చూస్తుండగానే వేలు నోట్లో పెట్టుకుంది.

"మొన్న అంగన్‌వాడీలో మాత్ర వేసారు కదా బాబూ, ఇంకేం భయం?" అంది వాళ్ళ మామ్మ.

నిజమే, ఆగస్టు 10న ఆల్బెండజోల్ వేశారు. అది పిల్లల పేగుల్లో ఉండే నులిపురుగులకి. కుక్క నట్ట, టాక్సోకారా, దారి వేరు. మన పేగుల్లో అది పెద్ద పురుగుగా ఎదగదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు కాలేయానికి, ఊపిరితిత్తులకి, ఒక్కోసారి కంటికి కూడా పోతుంది. మలం పరీక్షలో ఏమీ కనపడదు. జబ్బు పడ్డాక అదే ఆల్బెండజోల్ రోజుల తరబడి వాడాలి, ఒక్క మాత్రతో పోదు. రెండేళ్ళ కిందట పక్క ఊరి పిల్లాడికి ఒక కన్ను మసకబారింది. పట్నంలో కంటి డాక్టరు "ఇంట్లో కుక్కపిల్లలున్నాయా?" అని అడిగేదాకా మాకెవరికీ తట్టలేదు. పశువుల డాక్టరుని, నాకే తట్టాల్సింది. ఆ బాధ ఇంకా పోలేదు.

కుక్కని దూరం పెట్టమని నేను చెప్పను. "కుక్క లేకపోతే పందులు చోడి చేను ఉంచుతాయా?" అంటుంది మామ్మ. ఆవిడ మాటే రైటు. ఆవిడకి నేను చెప్పింది ఒక్కటే. కుక్క దొడ్డికి కూర్చున్న వెంటనే అందులోని నట్ట గుడ్లు మనిషికి అంటవు. తడి మట్టిలో రెండు మూడు వారాలు పండాకే ప్రమాదం. పండాక నెలల తరబడి చావవు. అందుకే ఏ రోజుది ఆ రోజు పారతో ఎత్తి లోతుగా పాతెయ్యాలి. అన్నం ముందు గుంట చేతులు సబ్బుతో కడగాలి.

ఆవిడ అప్పుడే పార తెచ్చింది. "ఎంత లోతు బాబూ?" అని అడిగి మోకాలి లోతు తవ్వింది.

నా సొంత బ్యాగులో పైరాంటెల్ అనే నట్టల మందు సిరప్ సగం సీసా ఉంది. నాలుగు కుక్కపిల్లలకీ తూకం చూసి పట్టాను. గుంట ఒక్కొక్కదాన్నీ తెచ్చి ఇచ్చింది. మేకల మందు లెక్క రాసుకోవడానికి రిజిస్టరు ఉంది. వీటికి లేదు. ఇక్కడే రాసుకుంటున్నా.

సెప్టెంబరు 2న రెండో డోసు. తల్లి కుక్క కనపడలేదు, పొద్దుట్నుంచీ చేనులోనే ఉందట. కడుపులో ఉండగానే పిల్లలకి నట్టలు అంటించేది అదే. దానికి మాత్రలు తీసుకెళ్ళాలి. సాయంత్రమైతే ఇంటికొస్తుందట, ఆ వేళకే వెళ్ళాలి.