మిగిలిన ఒక్క స్క్రూ

ఆరేళ్ల నాటి ల్యాప్‌టాప్. ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా తెర మీద చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉండేవి. ఆదివారం ధైర్యం చేసి నేనే విప్పాను. అడుగున 11 స్క్రూలు. రెండు తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు. విశాఖ ఎంవీపీ కాలనీలో సముద్రపు గాలి కిటికీ గ్రిల్‌నే తినేస్తుంది, ఇవెంత!

ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పాత హార్డ్ డిస్క్ తీసి, అదే 2.5 అంగుళాల చోట ఎస్‌ఎస్‌డీ (దానికంటే చాలా వేగంగా పనిచేసే డిస్క్) పెట్టాను. టెన్షన్ పెట్టింది మాత్రం 8 జీబీ ర్యామ్, అంటే మెమరీ ముక్క. గాడి కలిపి, ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కితే టక్కుమంది. నా గుండె కూడా.

ఫ్యాన్‌లోంచి దుమ్ము దూదిలా వచ్చింది. అమ్మ చూసి, "ఇంత చెత్తతో ఎలా పనిచేసిందిరా పాపం" అంది.

విండోస్ ఎక్కించాక పావు నిమిషంలో లేచింది. ఒక స్క్రూ మిగిలింది. ఎక్కడిదో తెలీదు. అగ్గిపెట్టెలో దాచాను.