స్లీపర్ బెర్తులో ఔలీకి

కాళ్ళకి స్కీలనే పొడవాటి పలకలు బిగించుకుని మంచువాలు మీద జారే స్కీయింగ్ అంటే స్విట్జర్లాండ్, అది డబ్బున్నవాళ్ళ సరదా అన్న మాట మన ఇళ్ళలో బాగా పాతుకుపోయింది. మా బాబాయి కొడుకూ నేనూ ఉత్తరాఖండ్ మంచుకొండల్లోని ఔలీ వెళ్ళొచ్చాక ఆ మాట నాకిక ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఇద్దరివీ నెలజీతాలే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ బెర్తులు, అక్కణ్ణుంచి హరిద్వార్‌కి మరో రైలు, రిషీకేశ్ నుంచి బస్సు. దారిఖర్చు మేం భయపడినదాంట్లో సగం కూడా కాలేదు.

ఖర్చు తగ్గడానికి అసలు కారణం మాత్రం రైలు కాదు, కోర్సు. ఔలీకి వచ్చేవాళ్ళు ఎక్కువమంది ఒక పూట ఉండి, గంట లెక్కన స్కీలు అద్దెకు తీసుకుని, ఒకరు చెయ్యి పట్టుకుంటే కాస్త దూరం జారి, ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. అలా పోయే డబ్బూ తక్కువేం కాదు, పైగా వచ్చే విద్యేమీ ఉండదు. ఉత్తరాఖండ్ ప్రభుత్వానికి చెందిన గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ చలికాలంలో 7 రోజుల, 14 రోజుల స్కీయింగ్ కోర్సులు నడుపుతుంది. బస, భోజనం, స్కీలు, బూట్లు, నేర్పే మనిషి అన్నీ ఒకే ఫీజులో వచ్చేస్తాయి. ఫీజు మారుతూ ఉంటుంది కాబట్టి ఫోన్ చేసి కనుక్కుని మరీ బుక్ చేసుకోండి. మంచాలు వరసగా వేసిన గదిలో కొత్తవాళ్ళతో కలిసి పడుకోవడానికి అభ్యంతరం లేకపోతే, మన దేశంలో ఇంత తక్కువలో ఇంత పద్ధతిగా నేర్చుకునే చోటు నాకైతే ఇంకొకటి కనబడలేదు.

రిషీకేశ్ నుంచి ఔలీకి దిగువన ఉన్న ఊరు జ్యోతిర్మఠ్ దాదాపు 250 కిలోమీటర్లు. రాత్రిపూట కొండదారిలో బస్సులు నడపరు, అందుకే తెల్లవారకముందే బయలుదేరతాయి. దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలిసి గంగ అయ్యే చోటు కిటికీలోంచే కనిపిస్తుంది. ఆ తర్వాత రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ. కొండచరియ విరిగిపడితే దారి ఎన్ని గంటలు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. తిరుగు రైలుకు ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.

జ్యోతిర్మఠ్ నిన్నమొన్నటిదాకా జోషీమఠ్. ఆదిశంకరుల మఠం ఉన్న ఊరు. బదరీనాథ్ తలుపులు మూసిన కాలంలో శంకరాచార్యుల గద్దెను ఇక్కడి నరసింహస్వామి గుడికే తెస్తారు. ఈ స్వామి చెయ్యి ఏటేటా సన్నబడుతోందనీ, అది విరిగిననాడు బదరీనాథ్ దారి మూసుకుపోతుందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. సింహాచలం, అహోబిలం తిరిగిన మాకు అక్కడ కొత్తచోటన్న భావమే కలగలేదు.

ఈ ఊరి గోడలే 2023 జనవరిలో బీటలు వారాయి. వందల ఇళ్ళు దెబ్బతిన్నాయి, ఎందరో ఇళ్ళు ఖాళీ చేశారు. ఊరు పాత కొండచరియల శిథిలాల మీద కూర్చుని ఉందనీ, ఇక్కడ భారీ కట్టడాలు వద్దనీ ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. ఇక్కణ్ణుంచి ఔలీ దాకా సుమారు 4 కిలోమీటర్లు సాగే రోప్‌వేని కూడా ఆ జనవరిలోనే ఆపేశారు. మేం వెళ్ళినప్పుడూ తీగలు ఊరికే వేలాడుతున్నాయి. షేర్ జీపులో చుట్టుదారిన పైకి వెళ్ళాం. ఊళ్ళో ఎందరికో చలికాలం యాత్రికులే ఆధారం. అందుకే ఒక రాత్రి ఇక్కడి చిన్న లాడ్జిలో ఉండి, ఇక్కడి హోటల్లో తిని, జాకెట్లూ మంచుప్యాంట్లూ ఇక్కడి దుకాణాల్లోనే అద్దెకు తీసుకోండి. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడుతుంది కూడా. ఆ రాత్రి మేం తిన్నది ఉలవపప్పు, రాగిరొట్టె. రొట్టె మీద నెయ్యి ధారాళంగా పోశారు.

కొనాల్సినవి మాత్రం కొన్ని ఉన్నాయి. నీళ్ళు పీల్చని చేతితొడుగులు, ఉన్ని మేజోళ్ళు, మంచి చలువ కళ్ళద్దాలు. వీటి దగ్గర పిసినారితనం వద్దు. నూలుబట్ట తడిస్తే ఆరదు, జీన్స్ అసలు పనికిరాదు.

ఔలీ వాలులు సుమారు 2,500 నుంచి 3,050 మీటర్ల ఎత్తు వరకూ ఉంటాయి. మొదట ఎవరినీ వాలు పైకి చేర్చే లిఫ్టు ఎక్కనివ్వరు. బూటు మడమ కదలకుండా బిగించుకోవడం, వాలుకి అడ్డంగా నిలబడి పీతలా పక్కకి పక్కకి అడుగులు వేస్తూ పైకి ఎక్కడం, కావాలని పక్కకి పడి మళ్ళీ లేవడం. ఇదే పని. మా శిక్షకుడు ఆ కొండల కుర్రాడే. "దీదీ, మోకాళ్ళు వంచండి, పాదాల్ని చూడకండి, వెళ్ళాల్సిన చోటు చూడండి" అని ఓపిగ్గా చెప్పిందే చెప్పేవాడు. రెండు స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి లోపలి అంచుల మీద బరువు వేస్తే వేగం తగ్గుతుంది. కుడికాలి మీద బరువు పెంచితే ఎడమకి తిరుగుతాం, ఎడమకాలి మీద పెంచితే కుడికి. వినడానికి ఇంతే. వాలు మీద మాత్రం భయంతో ఒళ్ళు వెనక్కి వాలుతుంది, వెనక్కి వాలితే స్కీలు మన మాట వినవు. బరువు ముందుకి, లోయవైపుకి వెయ్యాలని ఒంటికి ఎక్కడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. అది ఎక్కిన పూట వరసగా మలుపులు తిరుగుతూ కిందిదాకా వచ్చేశాను. నవ్వో ఏడుపో తెలియని అరుపు ఒకటి నోట్లోంచి వచ్చింది. తమ్ముడు కింద నిలబడి "అక్కా, అదీ!" అని ఒకటే చప్పట్లు. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి.

పొద్దున్నే మంచు రాయిలా గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి నీరుబట్టి బరువెక్కుతుంది. నేర్చుకునేవాళ్ళకి ఆ మధ్య గంటలే మంచివి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన వాలులివి. అయినా మంచు చాలక పోటీలు రద్దయిన సందర్భాలున్నాయి. కృత్రిమ మంచు చల్లే యంత్రాలున్నా, ఆకాశం ఇవ్వకపోతే అవి పూర్తిగా తీర్చలేవు.

తమ్ముడు వచ్చే చలికాలం 14 రోజుల కోర్సుకి, జనవరి మొదట్లోనే వెళ్దామంటున్నాడు. నేను ఫిబ్రవరి అంటున్నాను. ఆలస్యంగా పడే మంచు కోసం ఆగడమే మేలని మా శిక్షకుడు కూడా అన్నాడు. సెలవులు ఎవరికి ముందు దొరికితే వాళ్ళ మాటే చెల్లుతుంది.