టెక్నికల్ జనరల్: గాలిలో ఇంజను మొరాయిస్తే వచ్చే ప్రశ్నలు

పైలట్ లైసెన్సు రాతపరీక్షలకు చదువుతున్న మిత్రులకు,

గ్రూప్స్‌కో డీఎస్సీకో అయితే నెల్లూరు, ఒంగోలులో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. కావలిలో కూర్చుని డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) పెట్టే టెక్నికల్ జనరల్ పేపరుకు, అంటే విమానం, ఇంజను పనితీరు మీది పేపరుకు చదివే నాకు మాగ్నెటో (ఇంజనులో నిప్పురవ్వకు కరెంటు పుట్టించే భాగం) గురించి చెప్పింది మాత్రం పాత బైకులు బాగుచేసే మెకానిక్కు. బాగా చెప్పాడు కూడా. మీ ఊళ్లోనూ అలాంటివారు ఉంటారు, అడగండి.

పేపరుకు 70 శాతం రావాలి. పాత బిట్లు బట్టీపట్టి గట్టెక్కేవారు ఉన్నారు కానీ, వైఫల్యాల మీద ప్రశ్నలు బట్టీకి లొంగవు. ఏది దేనివల్ల నడుస్తుందో కాగితం మీద గీసుకోండి. విమానంలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పోయినా ఇంజను ఆగదు, మాగ్నెటోలు తమ విద్యుత్తు తామే పుట్టించుకుంటాయి. రేడియో, లైట్లు మాత్రం బ్యాటరీ ఉన్నంతసేపే. గాలిని పీల్చి కొన్ని పరికరాలను తిప్పే వాక్యూమ్ పంపు పోతే, దానితో నడిచే ఆటిట్యూడ్ (విమానం వాలు చూపేది), హెడింగ్ (దిశ చూపేది) ఇండికేటర్లను నమ్మకూడదు. మలుపు చూపే టర్న్ కోఆర్డినేటర్ సాధారణంగా కరెంటుది కాబట్టి పనిచేస్తుంది.

ఎక్కువమంది తడబడేది కార్బురేటర్ ఐసింగ్ దగ్గర, అంటే గాలిని, పెట్రోలును కలిపే కార్బురేటర్‌లో మంచు పేరుకోవడం దగ్గర. చేపల పెట్టెల్లో తప్ప మంచుగడ్డ చూడని మన తీరంలో ఇంజనుకు మంచు పట్టడమేమిటి? శీతాకాలం తెల్లవారుజామున డాబా మీద ఆరేసిన బట్టలు తడితడిగా తగులుతాయే, ఆ తేమే చాలు. వెంచురిలో (కార్బురేటర్‌లోని ఇరుకు దారిలో) పీడనం తగ్గడం, పెట్రోలు ఆవిరవడం రెండూ కలిసి లోపలి గాలిని 20 డిగ్రీలకు పైగా చల్లార్చగలవు. అందుకే బయట 20 డిగ్రీలున్నా లోపల మంచు పేరుకుంటుంది. ఫిక్స్‌డ్ పిచ్ (ఆకుల కోణం మారని) ప్రొపెల్లర్ ఉంటే మొదటి గుర్తు ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) తగ్గడం. కార్బ్ హీట్ (కార్బురేటర్‌లోకి వేడి గాలి) ఇవ్వగానే అది ఇంకా పడిపోతుంది, కరిగిన నీరు లోపలికి వెళ్లి ఇంజను దడదడలాడుతుంది. ‘హీట్ వెంటనే ఆపాలి’ అనే ఆప్షను ఊరించేది అక్కడే. ఆపకూడదు, మంచు కరిగాక ఆర్‌పీఎం మళ్లీ పెరుగుతుంది. శిక్షణ విమానాల్లో సెస్నా 152లో కార్బురేటర్ ఉంది, 172ఎస్‌లో లేదు, అది పెట్రోలును సిలిండర్ల దగ్గరే చిమ్మే ఇంజెక్షన్ ఇంజను. ప్రశ్నలో విమానం పేరు చదవకుండా జవాబు పెట్టకండి.

ఇంజను పూర్తిగా ఆగితే ముందు గ్లైడ్ వేగం (ఇంజను లేకుండా ఎక్కువ దూరం తేలివెళ్లే వేగం): 152కు 60 నాట్లు, 172ఎస్‌కు 68. తర్వాత దిగే చోటు, ఆ తర్వాతే ఇంధనం, మిక్స్చర్ (గాలి, ఇంధనాల పాళ్లు), మాగ్నెటోల తనిఖీ. కొరిశపాడు దగ్గర హైవే మీద 2024 మార్చిలో వాయుసేన విమానాలు దిగాయి కాబట్టి రోడ్డుంటే చాలని మా బాబాయి వాదన. అక్కడ ముందుగా వాహనాలు ఆపారు. మామూలు రోడ్డు మీద లారీలు, కరెంటు తీగలు ఉంటాయి; కోత అయిపోయిన పొలమే నయం.

రేడియో చివర్న. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు మన గుర్తు పంపే పరికరంలో) అత్యవసర కోడ్ 7700, మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలో ఎవరూ పలకకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. ఆపద పిలుపు ‘మేడే’ మూడుసార్లు, పిలుస్తున్న స్టేషను, కాల్‌సైన్ (రేడియోలో మన విమానం పేరు), సమస్య, ఏం చేయబోతున్నాం, స్థానం, ఎత్తు, దిశ. ఈ వరుస ఆర్‌టీఆర్ (విమానంలో రేడియో వాడే లైసెన్సు) మౌఖిక పరీక్షకూ పనికొస్తుంది కాబట్టి రోజూ పైకి చదవండి. ఇంట్లో వాళ్లకు మాత్రం ముందే చెప్పి మొదలుపెట్టండి.