ఎస్‌పీడీ కిటికీ ఎర్రబడితే

వరంగల్ వైపు వానకాలానికి ముందే ఉరుములు మొదలవుతాయి. మెయిన్ బోర్డులో ఎస్‌పీడీ (సర్జ్‌ని, అంటే పిడుగులప్పుడు లైన్లో క్షణకాలం ఎగసే వోల్టేజీని, ఎర్త్‌కు మళ్లించే పరికరం) మీదున్న చిన్న కిటికీ ఓసారి చూడండి. ఎర్రబడితే లోపలి వేరిస్టర్ (వోల్టేజీ పెరిగితే కరెంటును తనగుండా పోనిచ్చే భాగం) వేడెక్కి సర్క్యూట్ నుంచి తెగిపోయినట్టే. కరెంటు మాత్రం మామూలుగానే వస్తుంటుంది, అదే చిక్కు: టీవీకీ ఇన్వర్టర్‌కూ కాపలా లేదని ఎవరికీ తెలియదు. మెయిన్ ఆపి, మల్టీమీటర్‌తో సప్లై లేదని తేల్చుకుని, అదే రేటింగ్ కార్ట్రిడ్జ్ (ఎస్‌పీడీలో ఊడదీసి మార్చే భాగం) వేయించండి.

అందరూ పిడుగునే తిడతారు గానీ, గాలిదుమారానికి న్యూట్రల్ వైరు తెగినా ఎస్‌పీడీ కాలుతుంది. త్రీఫేజ్ లైన్‌లో లోడు తక్కువున్న ఫేజు 230 నుంచి 400 వోల్టుల వైపు ఎగబాకుతుంది. 275 వోల్టుల ఎస్‌పీడీ అంతసేపు తట్టుకోదు. 320ది కొంత నయం, అసలు మందు ఓవర్‌వోల్టేజ్ రిలే, అంటే వోల్టేజీ హద్దు దాటితే సప్లై ఆపేసే స్విచ్.

వేరిస్టర్ షార్టయితే కరెంటు ఆపేందుకు ఎస్‌పీడీకి ముందు ఫ్యూజుండాలి. ఆ ఫ్యూజు గరిష్ఠ రేటింగ్ ఎస్‌పీడీ మీదే రాసుంటుంది. ఫేజు నుంచి ఎస్‌పీడీ మీదుగా ఎర్త్ బార్ దాకా వైర్లన్నీ కలిపి అర మీటరు దాటొద్దు. అందంగా చుట్టలు చుట్టి కడతారు కొందరు, దాంతో వైరు పొడవు పెరుగుతుంది. సర్జ్ వచ్చినప్పుడు ఒక్కో మీటరు వైరుకు సుమారు 1 కిలోవోల్టు అదనంగా పడుతుంది.