మీటరు నంబరు రాసావా?

సోంపేట నుంచి కవిటి వెళ్లే దారిలో కొబ్బరి చెట్ల కింద ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అదే మా ఫైబర్ ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసు. లోపల నెట్‌వర్క్ పరికరాలు పెట్టిన ఒక ర్యాకు, నాలుగు బ్యాటరీలు, గోడకి వేలాడదీసిన కేబుల్ చుట్టలు, టేబుల్ మీద అట్టలు నలిగిన ఏడు లాంగ్ నోటు పుస్తకాలు. షెడ్డుకి నిప్పంటుకుంటే నేను ముందు పట్టుకుని పరుగెత్తేది ఆ పుస్తకాలనే.

1999లో సైన్యంలో చేరాను. సిగ్నల్స్ కోర్, అంటే సైన్యంలో సమాచార సంబంధాలు చూసే విభాగం. జబల్‌పూర్‌లో ట్రైనింగ్ అయ్యాక పదిహేడేళ్ల సర్వీసులో ఎక్కువ భాగం లైన్ పార్టీలోనే గడిచింది. భుజాన కేబుల్ డ్రమ్ము వేసుకుని ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకి టెలిఫోన్ తీగ లాగడం, తెగితే వెతికి కలపడం మా పని. అరుణాచల్‌లో సేలా కనుమ దాటి తవాంగ్ వైపు ఉన్నప్పుడు మోకాళ్ల లోతు మంచులో తెగిన తీగ కోసం తిరిగేవాళ్లం. కనుమ దగ్గర పదమూడు వేల అడుగుల పైమాటే. ఊపిరి చాలదు, వేళ్లు వంగవు. అయినా మా హవల్దార్ సాబ్, అతుకు వేసిన చోటే నిలబడి రాయమనేవారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు వేశారు, అన్నీ. చలికి పెన్ను గడ్డకడుతుంది కాబట్టి పెన్సిల్‌తో. బ్యారక్‌కి వెళ్లాక రాస్తానంటే ఒప్పుకునేవారు కాదు.

2016లో నాయక్‌గా బయటికొచ్చాను. అందరూ విశాఖలో సెక్యూరిటీ ఉద్యోగం చూసుకోమన్నారు. నాకేమో మా ఉద్దానం ఇళ్లే కళ్ల ముందు తిరిగేవి. ఇంటికొకరు చొప్పున హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో ఉంటారు. వాళ్లతో మాట్లాడాలంటే ముసలివాళ్లు సిగ్నల్ కోసం డాబా ఎక్కాలి. ఈ ఊళ్లకి ఫైబర్ తేవాలనుకున్నాను. అమ్మ మాత్రం "ఏటి నాయనా, మిలట్రీ నుంచొచ్చి కూడా స్తంభాలెక్కడమేనా?" అని బాధపడింది.

మొదట వెళ్లిన బ్యాంకులో తీగల మీద అప్పివ్వలేమన్నారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక పెద్దాయన పీఎంఈజీపీ అనే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం సంగతి చెప్పారు. మాజీ సైనికులు గ్రామంలో యూనిట్ పెడితే ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, మన చేతి నుంచి పెట్టాల్సింది 5 శాతం. ఆ సబ్సిడీ సొమ్ము చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో జమవుతుంది. ఇది తెలియక నాలాంటివాళ్లు చాలామంది రిటైర్‌మెంట్ డబ్బంతా ఒకేసారి పెట్టేసి ఇబ్బంది పడుతున్నారు. అందుకే రాస్తున్నాను.

ఫైబర్ అతకడం నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. రాగి తీగ అయితే మెలిపెట్టి టేపు చుట్టేస్తే పని జరిగిపోతుంది. గాజు పోగు అలా కాదు. దాని మందం 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో వెలుగు నడిచే దారి తొమ్మిది మైక్రాన్లే. పైపూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్ అనే కోత పరికరంతో సరిగ్గా తొంభై డిగ్రీల కోణంలో అడ్డంగా కోసి, అతికే మెషీన్‌లో పెట్టాలి. తెర మీద రెండు కొసలూ దగ్గరకొచ్చి, ఒక్క మెరుపులో కరిగి ఒకటైపోతాయి. అతుకు దగ్గర పోయే వెలుగు 0.02 డీబీ (డెసిబెల్) మాత్రమే అని వస్తే ప్రాణం లేచొస్తుంది. తుడవడంలో ఎక్కడైనా చెమట తడి మిగిలితే మళ్లీ మొదటికే. మన ఉప్పుగాలిలో, మే నెల ఎండలో, నిచ్చెన మీద నిలబడి ఈ పని చేయడం తవాంగ్ కన్నా తేలికని నేననను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి మాది ముప్పై కిలోమీటర్ల లైను, రెండొందల పది ఇళ్లు. తెల్లారి బయటికొస్తే పుట్టి పెరిగిన ఊరి దారే గుర్తుపట్టలేకపోయాను. కొబ్బరి, జీడి, పనస, అన్నీ నేల మీదే. ఫైబర్‌లోకి వెలుగు పంపి తెగిన దూరం చెప్పే మెషీన్ ఒకటి ఉంది, ఓటీడీఆర్ అంటాం. అది 3,412 మీటర్లంది. కానీ స్తంభాలే లేని చోట 3,412 ఎక్కడని వెతకాలి? పుస్తకం తీశాను. కేబుల్ తొడుగు మీద మీటరుకొక నంబరు అచ్చువేసి ఉంటుంది. ప్రతి స్తంభం దగ్గరా ఆ నంబరు రాసుకున్నాం. అతుకుల దగ్గర చుట్టి వదిలిన తీగ లెక్క తీసేస్తే 61వ స్తంభం, రామమందిరం వెనక. కొమ్మలు నరుక్కుంటూ వెళ్తే సరిగ్గా అక్కడే ఉంది.

కరెంటు లేదు. డీజిల్ జనరేటర్ మీద ర్యాకు నడిపాం. అయిదో రోజు ఒక ఊరికి లైను వెలిగింది. ఒకామె పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న కొడుక్కి వీడియో కాల్ చేసింది. ఏమీ మాట్లాడలేదు. ఫోను తిప్పి పడిపోయిన చెట్లు ఒక్కొక్కటీ చూపించుకుంటూ నడిచింది. "అది తాత వేసిందేనా అమ్మా?" అని అటునుంచి అడిగాడు. నేను ఆ గుమ్మం దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

మెయిన్ లైను మొత్తం నిలబెట్టడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ నెల ఎవరినీ బిల్లు అడగలేదు. నిజానికి డబ్బు అడగడం నాకు అన్నిటికన్నా కష్టమైన విద్య. సైన్యంలో పదిహేడేళ్లు ఎవరికీ బిల్లు పంపలేదు కదా. చుట్టాలింటికి వెళ్లి నెల డబ్బులు అడగలేక తిరిగొచ్చేవాణ్ణి. ఆ బాధ్యత మా ఆవిడ తీసుకున్నాకే కంపెనీ నిలబడింది.

ఇప్పుడు ఏడుగురం, అందులో ముగ్గురం మాజీ సైనికులం. పదకొండు వందల కనెక్షన్లు. కుర్రాళ్లకి స్ప్లైసింగ్, అంటే ఫైబర్ అతకడం, నేర్పే ముందు రాయడం నేర్పుతున్నాను. మొదట్లో విసుక్కునేవారు, ఫోనులో ఫొటో తీస్తే చాలదా అన్నా అని.

పోయిన గురువారం రాత్రి వానలో మందస వైపు లైను పోయింది. మా కుర్రాళ్లలో చిన్నోడు ఒక్కడే వెళ్లాడు. పదిన్నరకి ఫోన్ చేసి "దొరికింది అన్నా, అతికేసినాను" అన్నాడు. మీటరు నంబరు అడగబోయేలోపే "2,716, రాసేసినాను" అన్నాడు. పొద్దున పుస్తకం తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. పేజీ తడిసి ముడతలు పడింది. రాసింది పెన్సిల్‌తో, ఒక్క అక్షరం చెరగలేదు.