ఆరో ఏట వచ్చే పన్ను

బుధవారం, రాత్రి తొమ్మిదిన్నర.

ఉదయం ప్రార్థన ముగిసి పిల్లలందరూ తరగతుల్లోకి వెళ్ళిపోయినా, రెండో తరగతి పిల్ల ఒకతె మాత్రం ఎడమ చెంపను అరచేత్తో అదిమిపట్టుకొని జెండా దిమ్మ దగ్గరే నిలబడిపోయింది. దగ్గరికి వెళ్ళి చెయ్యి తీయిస్తే చెంప బూరెలా పొంగి ఉంది. "పిప్పిపన్ను టీచర్, రాత్రల్లా సలిపీసింది" అంది. వరండా చివర వెలుతురు పడే చోట కూర్చోబెట్టి, ఫోను లైటు వేసి నోట్లోకి చూశాను. పాతపట్నం దాటి ఈ ఊరి బడికి వచ్చి ఏడేళ్ళయింది గాని, పిల్లల నోట్లోకి ఇలా నిదానంగా చూడడం మొదలుపెట్టి మాత్రం రెండేళ్ళే అయింది.

కింది దవడలో ఎడమవైపు పాలపన్ను సగానికి పైగా కరిగిపోయి, గోధుమరంగు గిన్నెలా మిగిలింది. పొద్దున తిన్న చద్దన్నం మెతుకు ఒకటి అందులో ఇరుక్కొని ఉంది. పక్కనే చిగురు మీద ఆవగింజంత చీముపొక్కు. ఆ పన్నుకు వెనకగా, చిగురును చీల్చుకొని సగం మాత్రమే పైకి వచ్చిన ఇంకో పన్ను కనిపించింది. తెల్లగా, పైభాగమంతా సన్నని గాళ్ళతో, ఇంకా దేన్నీ నమలని కొత్త పన్ను. ఈ పిల్ల ముసలిదయ్యేదాకా ఉండవలసిన పన్ను అది.

చెంప వాచిన తరువాత ఇంటి వైద్యంతో కాలక్షేపం చేయకూడదు కాబట్టి వెంటనే నాయనమ్మకు కబురు పంపాను. తల్లిదండ్రులిద్దరూ చెన్నైలో భవన నిర్మాణ పనుల్లో ఉన్నారు. ఆవిడ ఉపాధి పని మధ్యలో ఆపి, తలపాగా గుడ్డతో చెమట తుడుచుకుంటూ వచ్చింది. లవంగం పెట్టిందట, పసుపు రాసిందట, పురుగు పడిపోతుందని వాకుడు గింజల పొగ కూడా పట్టిందట. "ఊడిపోయే పాలపళ్ళకి ఆసుపత్రేటి టీచరమ్మా? పని మానీసి ఎల్తే నా మస్తరు పోదా?" అని అడిగింది. ఆ ప్రశ్నలో నాకు తప్పేమీ కనిపించలేదు. కిందటి ఏడాది పిల్లల్ని పరీక్షించడానికి వచ్చినవాళ్ళు ఇదే పిల్లకు "పుచ్చు పళ్ళు, ఆసుపత్రికి పంపవలెను" అని చీటీ రాసి ఇచ్చారు. ఆ చీటీ ఇవాళ నేను సంచీ వెతికితే పాత తెలుగు వాచకం పుటల మధ్య, మడత కూడా నలగకుండా దొరికింది. చీటీ రాయడానికి అర నిమిషం చాలు, దాన్ని పట్టుకొని ఆసుపత్రికి వెళ్ళడానికి మాత్రం ఒక రోజు కూలి, ఇద్దరికి ఆటో ఛార్జీలు, చీటీలో ఏముందో చదివి చెప్పే మనిషి కావాలి. ఆ మనిషిని నేనే అయి ఉండవలసింది.

పాలపళ్ళు ఇరవై. అవి ఊడితే ఇంటి కప్పు మీదకు విసిరి, కొత్తది బాగా రావాలని కోరుకోవడం ఇక్కడి పిల్లలకు పెద్ద సంబరం. కాని సుమారు ఆరో ఏట ఆ ఇరవైకి వెనకగా, పైన రెండు, కింద రెండు దవడపళ్ళు వస్తాయి. వాటికి చోటివ్వడానికి ఏ పన్నూ ఊడదు. కప్పు మీదకు విసరడానికి పాత పన్ను లేదు కాబట్టి కొత్త పన్ను వచ్చిన సంగతే ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా అదీ పాలపన్నేననుకుంటారు. పైగా పూర్తిగా లేవకముందు అది పక్క పళ్ళకంటే పల్లంగా ఉంటుంది, అందువల్ల బ్రష్షు ముందు నుంచి వెనక్కి ఎంత లాగినా దాని మీదుగా దాటిపోతుందే తప్ప దాన్ని తాకదు. బ్రష్షును చెంప పక్కనుంచి అడ్డంగా పెట్టి తోమితేనే ఆ గాళ్ళలోని పాచి వస్తుంది. ఏడెనిమిదేళ్ళ వయసు వరకు పిల్లలు తమంతట తాము ఆ పని సరిగా చేయలేరు. పదేళ్ళకే ఆ నాలుగింటిలో రెండు పోగొట్టుకున్నవాళ్ళు మా అయిదో తరగతిలోనే ఉన్నారు. నా కింది దవడలో కుడివైపు ఖాళీ కూడా ఆ పన్నుదేనని నలభై రెండేళ్ళ వయసులో తెలుసుకున్నాను.

మధ్యాహ్నం చిక్కీ ఇచ్చారు. మా బడిలో మూడు రోజులు రాగిజావ, మూడు రోజులు వేరుశనగ చిక్కీ. రెంటిలోనూ బెల్లం ఉంది, అయినా చిక్కీని తిట్టే ధైర్యం నాకు లేదు. పొద్దున టీ తాగి బడికి వచ్చే పిల్లకు ఆ గుప్పెడు వేరుశనగ పప్పు ఎంత విలువైనదో రోజూ చూస్తున్నాను. నేను పెట్టిన నియమం ఒక్కటే: చిక్కీ భోజనంతోపాటే తినేయాలి, జేబులో వేసుకొని ఇంటికి వెళ్ళేదాకా చప్పరించకూడదు. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లత పెరిగి, దాన్ని కొలిచే పిహెచ్ అంకె 5.5 కంటే కిందికి దిగినప్పుడు పంటి పైపొర కరగడం మొదలవుతుంది, లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంటో గంటో పడుతుంది. కాబట్టి నాలుగు బెల్లం జీళ్ళు ఒక్కసారే తినేసిన పిల్లకంటే, నాలుగు పూటలా ఒక్కొక్క జీడి చప్పరించిన పిల్ల పళ్ళకే ఎక్కువ నష్టం. మూడో తరగతి పిల్లవాడొకడి దినచర్యను ఒకసారి వాడి చేతనే చెప్పించి రాసుకున్నాను: లేవగానే టీలో ముంచిన బిస్కట్లు, బడికి వచ్చే దారిలో బడ్డీ కొట్టు దగ్గర రూపాయి చాక్లెట్టు, విరామంలో మరొకటి, సాయంత్రం పుల్ల ఐసు, చీకటిపడ్డాక తాతయ్యతో మళ్ళీ టీ. వాడి పళ్ళకు తెరిపి దొరికేది ఎప్పుడు?

ఆ బడ్డీ కొట్టును నిందించే ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఎక్కాలు తప్పు లేకుండా అప్పజెప్పినవాళ్ళకు నేను అయిదేళ్ళపాటు చాక్లెట్లు పంచాను. చురుకైన పిల్లలకే ఎక్కువ అందాయి గనుక, లెక్కల్లో ముందున్నవాళ్ళ పళ్ళే ముందు పుచ్చి ఉంటాయని ఇప్పుడు తలచుకుంటే నవ్వు, సిగ్గు రెండూ వస్తాయి. ఇప్పుడు వేయించిన శనగలు పెడుతున్నాను. మొదటి వారం పన్నెండో ఎక్కం ఎవరికీ రాలేదు.

భోజనాలయ్యాక కుళాయి దగ్గర పళ్ళు తోమించడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఫిలిప్పీన్స్ బడుల్లో పిల్లలందరూ వరుసగా నిలబడి రోజూ ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటారని విని, మన దగ్గర ఎందుకు కాదనిపించింది. ఇరవై మూడు మంది పిల్లలు, ఇరవై మూడు బ్రష్షులు. ఒక్కొక్క దాని పిడికి పేరు రాసిన కాగితం అంటించి, ఒకదాని తల ఇంకొకదానికి తగలకుండా చిల్లులు పెట్టిన అట్టలో నిలబెట్టాం. పేస్టు గొట్టాన్ని బ్రష్షుకు బ్రష్షుకు తాకిస్తే ఒకరి ఎంగిలి ఇంకొకరికి అంటుతుంది, అందుకని స్టీలు పళ్ళెం అంచు చుట్టూ బఠాణీ గింజంత చొప్పున ముందే పెట్టేస్తాను, ఎవరి బొట్టును వాళ్ళు తీసుకుంటారు. మూడేళ్ళలోపు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్నవాళ్ళకు ఇంట్లో బియ్యపు గింజంత చాలని చెప్పాను. ఒకటి నుంచి ఎక్కాలు అప్పజెప్పినట్టు కలిసి నూట ఇరవై దాకా లెక్కపెడుతూ తోముతారు, నురుగు ఉమ్మేస్తారు, తరువాత నీళ్ళు పుక్కిలించరు. పుక్కిలిస్తే పంటి మీద నిలిచి పైపొరను గట్టిపరచవలసిన ఫ్లోరైడ్ కాస్తా కాలవలో పోతుంది. ఈ చివరి నియమం పిల్లలకు అలవాటయింది గాని, వంట చేసే అక్కకు ఇప్పటికీ అసహ్యమే. బ్రష్షులను చెరుకు ముక్కల్లా నమిలే అలవాటును మాత్రం నేను మాన్పించలేకపోయాను. మూడు నెలలు ఆగవలసినవి రెండు నెలలకే చీపుళ్ళవుతాయి.

ఇవాళ తోమే వేళకు ఒక పిల్లవాడి తండ్రి వచ్చి గోడ అవతల నిలబడి చూశాడు. "ఫ్లోరైడంటే నల్గొండలో కాళ్ళు వంకరపోయినాయి, అదే కదండీ?" అని మెల్లగా అడిగాడు. అడిగినందుకు సంతోషించాను. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండి, ఆ నీళ్ళే ఏళ్ళ తరబడి కడుపులోకి పోతే పళ్ళకూ ఎముకలకూ చేటు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పిపిఎం, అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు, మించకూడదు. బఠాణీ గింజంత పేస్టులో ఉండేది మిల్లీగ్రాములో నాలుగో వంతు, అదీ ఉమ్మేసేదే. నీళ్ళ ఫ్లోరైడ్‌ను మింగుతాం, పేస్టు ఫ్లోరైడ్‌ను పంటికి పూస్తాం అని చెప్పాను. అతడు వేపపుల్లతోనే తోముకుంటాడు, నవ్వితే పలువరుస బాగుంది. వేపపుల్ల మంచిదే, కాని ఆరేళ్ళ పిల్ల చేతిలోని పుల్ల ఆ వెనక పన్ను దాకా పోదు, అందులో ఫ్లోరైడూ లేదు. రాత్రి పడుకోబోయే ముందు కూడా తోమించమన్నాను, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కనుక. "రాత్రి కూడానా" అని నవ్వి వెళ్ళిపోయాడు. చేయిస్తాడన్న నమ్మకం నాకు లేదు. బడిలో చేయించే ఈ ఒక్క పూటనే నేను పట్టుకొని వేలాడడానికి కారణం అదే.

సాయంత్రం మా పిన్ని కొడుకుకు ఫోను చేశాను, తను దంతవైద్యుడు. కొత్త దవడపన్ను పూర్తిగా లేచాక దాని గాళ్ళను పూతతో మూసివేస్తే పాచి చేరదని, ఏడాదికి రెండుసార్లు ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తే ఇంకా మేలని చెప్పాడు. పుచ్చు మొదలైన పాలపళ్ళకు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవం పూస్తే, పన్ను నల్లబడుతుంది గాని పుచ్చు చాలావరకు ఆగిపోతుందట. సూది, డ్రిల్లు, కరెంటు ఏవీ అక్కరలేని పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. "మా బడికి వచ్చి పూస్తావేరా?" అన్నాను. "తల్లిదండ్రుల అంగీకారం రాయించి పెట్టక్కా, పన్ను నల్లబడుతుందని ముందే చెప్పు, లేకపోతే మీ ఊరివాళ్ళు నన్ను తరుముతారు" అన్నాడు. దసరా సెలవుల లోపల ఒక ఆదివారం చూసుకుందామనుకున్నాం.

ఎనిమిది గంటలకు నాయనమ్మ పక్కింటివాళ్ళ ఫోనులోంచి మాట్లాడింది. ఆసుపత్రికి వెళ్తే మందులిచ్చారట, వాపు తగ్గాక శనివారం రమ్మన్నారట, ఆ పుచ్చు పన్ను అప్పుడు తీస్తారట. "శనివారం మళ్ళీ పని పోతాదమ్మా" అంది. ఆ రోజు పిల్లను నేను తీసుకెళ్తానని చెప్పాను. వెనక ఉన్న కొత్త పన్నును చూపించావా మామ్మా అని అడిగితే, "సూపించినానమ్మా, అది నిక్షేపంగా ఉందన్నారు" అంది.

ఫోను పెట్టేశాక హాజరు పట్టీ తీసి, ఒకటి, రెండు తరగతుల్లో ఆ పన్ను మొలుస్తున్న పిల్లల పేర్ల పక్కన ఎర్ర సిరాతో సున్నలు చుట్టాను. ఏడుగురు తేలారు. ఇద్దరి నోళ్ళు ఇంకా చూడలేదు, వాళ్ళు వారం రోజులుగా బడికి రావడం లేదు. రేపు పొద్దున్నే బడికి వెళ్ళేటప్పుడు వాళ్ళ వీధి మీదుగా వెళ్ళాలి.