ఒడ్డున విసిరే తిండి ముక్క
మొసళ్లు తిరిగే నీటి పక్కన రిసార్ట్‌లో దిగితే, నీటి అంచుకి కనీసం 5 మీటర్ల ఎడంగా ఉండండి. చీకటి పడ్డాక అటు అసలు వెళ్లొద్దు, అవి ఎక్కువగా వేటాడేది అప్పుడే. నీళ్లు కదలట్లేదంటే ఏమీ లేదని కాదు. పైకి తేలేది రెండు కళ్లు, ముక్కు కొస, అంతే. ఏదో కర్రముక్క అనుకుంటాం. మునిగితే అదీ కనపడదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది తిండి విసరడం. మనిషి కనిపిస్తే తిండి దొరుకుతుందని మొసలికి అలవాటవుతుంది, భయం పోతుంది. మనం గది ఖాళీ చేసి వెళ్లిపోతాం. మర్నాడు అదే ఒడ్డున ఎవరి పిల్లాడో కాళ్లు తడుపుకుంటుంటాడు. అలా మరిగిన మొసలిని చాలాసార్లు చివరికి చంపేస్తారు కూడా.

చేపల వ్యర్థాలు మూతున్న డబ్బాలోనే వేయండి. పిల్లల చెయ్యి వదలొద్దు, కుక్క గొలుసు విప్పొద్దు. హెచ్చరిక బోర్డు కనపడకపోయినా, మొసళ్లు ఉన్నాయేమో రిసెప్షన్‌లో అడగండి.